భీమిలిలో చూడవలసినవి

పుప్పాలగూడ,
3-11-1968

అక్కయ్యకు నమస్కారం.

నేను కులాసాగా ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి.

ముందుగా ఒక మాట. కిందటి కవరు మీద నీ చిరునామా, ఊరి పేరుతో సహా, బడిపిల్లలకి పలక మీద దిద్దించినట్టు గుండ్రంగా రాశావు. దయచేసి ఇక మీద రాయకు. పోస్టుమాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "భీమునిపట్నంల నీకెవరున్నరు సారూ?" అని అడిగాడు. ఎవరో దూరపు చుట్టాలని చెప్పి తప్పించుకున్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నాన్నగారి తద్దినం ఈ నెల 29, శుక్రవారం వచ్చింది. కిందటేడు రాలేకపోయినందుకు అమ్మ ఎంత ఏడ్చిందో రాశావు. ఈసారి ఏమైనా సరే వస్తున్నాను. అయితే ఒక్కణ్ణీ రావడం లేదు. అదే వచ్చిన చిక్కు.

రామచంద్రం గురించి ఇదివరకు రాశాను కదా. ఆఫీసులో నా పక్క బల్ల అతనిది, ఊరు మణికొండ. రోజూ పొద్దున్నే ఇద్దరం బండరాళ్ళ మధ్య దారిలో కలుసుకుని, సైకిళ్ళ మీద మెహదీపట్నం దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కుతాం. నాకు ఇక్కడ స్నేహితుడంటూ ఉంటే అతనొక్కడే. సెలవు చీటీలో తద్దినం అని రాయడానికి లేదు. నా ముల్కీ కాగితంలో ఏముందో నీకు తెలుసు. పదిహేనేళ్ళ పైబడి నేను పుప్పాలగూడలోనే ఉన్నానని, ఇక్కడే పెరిగానని ఉంది. ఇక్కడి వాణ్ణని ఆ కాగితం చెప్పబట్టే ఈ ఉద్యోగం. అలాంటివాడు తండ్రి తద్దినానికి సముద్రం ఒడ్డుకెందుకు పోతాడు? అందుకని 'విశాఖపట్నం, భీమునిపట్నం చూచుటకు' అని రాశాను. అది రామచంద్రం కంట పడింది.

"ఏందిరా, ఒక్కనివే పోతవా? నేను గూడ సముద్రం సూడలే. ఇద్దరం పోదాం" అన్నాడు. మర్నాడే తనూ సెలవు పెట్టాడు. ఇద్దరికీ రైలు టిక్కెట్లు కూడా అతనే తెచ్చేశాడు. ఏమని వద్దనను?

అతను ఎంత మంచివాడో అంత భయం నాకు. అతని తమ్ముడు బాలనర్సయ్య పి.యు.సి. ప్యాసై రెండేళ్ళుగా ఉద్యోగం లేక తిరుగుతున్నాడు. "దొంగ కాగితాలోళ్ళు పోతె మా తమ్మునికి నౌకరి దొరుకుతది" అని రామచంద్రం నాతోనే అంటాడు. నేను అవునంటాను. ఇంకేమనాలి చెప్పు? అతనికి నిజం తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, నా మొహం చూసేవాడూ ఉండడు.

నువ్వే ఏదైనా ఉపాయం ఆలోచించు. చిన్నప్పుడు నేను బడి ఎగ్గొడితే నాన్నగారికి అబద్ధం చెప్పి కాపాడినదానివి నువ్వే కదా.

నీ తమ్ముడు,
పార్థసారథి


పేరు రాయకూడని ఊరు,
12-11-1968

చిరంజీవి సారథికి అక్క దీవెనలు.

పైన ఊరి పేరు రాయలేదు, చూసుకున్నావా? ఇక ముందు నా పేరు కూడా రాయొద్దంటావేమో, అదీ ముందే చెప్పేయి, అలవాటు చేసుకుంటాను.

తిట్టడానికే కూర్చున్నాను గానీ అమ్మ పక్కనే ఉంది. "వాడు వస్తున్నాడా, లేదా? అదొక్కటి చెప్పు" అంటుంది. వస్తున్నాడన్నాను. మిగతాది సగం సగం చెప్పాను. సరే, విను. మీరిద్దరూ ఈ ఊరు చూడ్డానికొచ్చిన పరదేశులు. పరదేశులు ఏమేం చూడాలో, ఎప్పుడు చూడాలో, ఏ సందులోంచి వెళ్ళాలో అన్నీ రాస్తున్నాను. చదివి కంఠస్థం చేసి చింపెయ్యి.

గురువారం మధ్యాహ్నం వాల్తేరులో బస్సెక్కుతారు కదా, బస్టాండు దాకా రావద్దు. అక్కడ టీ కొట్టు సూరన్న నిన్ను నిక్కర్ల నాటినుంచీ ఎరుగును. ఒక స్టాపు ముందే దిగి, సరుగుడు తోటల పక్కనుంచి నడిచి రండి. సముద్రం మొదట అక్కడే కనిపిస్తుంది గనక మీ స్నేహితుడికీ బాగుంటుంది. పడక సత్రంలో. సత్రం గుమాస్తా కొత్తవాడు, నిన్నెరగడు.

శుక్రవారం పొద్దున నీకు జ్వరం. దుప్పటి కప్పుకుని పడుకో. యజ్ఞనారాయణ మాస్టారు వచ్చి మీ రామచంద్రాన్ని తీసుకుపోతారు. ఆయనకి మాత్రం అంతా చెప్పాను, తప్పలేదు. "నాకీ నాటకాలు నచ్చవమ్మా, మీ నాన్న మొహం చూసి ఒప్పుకుంటున్నా" అన్నారు. ఆయన అతన్ని ముందు పావురాల కొండ ఎక్కిస్తారు. నరసింహస్వామి దర్శనం, పైన ఆ పాత ఇటుకల దిబ్బలు, దిగి వచ్చేసరికి పది దాటుతుంది. తరవాత ఒలందా దొరల గోరీలు. మాస్టారు సంగతి తెలుసుగా, ఒక్కొక్క రాయి దగ్గరా నిలబడి, ఎవడు ఏ సంవత్సరంలో ఏ ఓడ మీద వచ్చి ఏ రోగంతో పోయాడో చెప్తారు. అక్కడొక గంటన్నర. ఆ పైన గంటస్తంభం, లైటుహౌసు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, వేటనుంచి తిరిగొచ్చే పడవలు. భోజనం మాస్టారి ఇంట్లోనే. తద్దినం పూట పరాయివాళ్ళకి మనింట్లో వడ్డించకూడదు. మూడయ్యేదాకా అతన్ని వదలరు. ఈలోగా నువ్వు పెరటి దారిన వచ్చి తద్దినం పెట్టుకుని, గారెల వాసన పోయేలా చేతులు కడుక్కుని, మళ్ళీ సత్రానికి పోయి జ్వరంతో పడుకుంటావు.

సాయంత్రం జ్వరం తగ్గుతుంది. ఇద్దరూ సముద్రానికి వెళ్ళండి. పడవల రేవు వైపు మాత్రం పోవద్దు. అక్కడ ప్రతివాడూ నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు. శనివారం పొద్దున ఎర్రమట్టి దిబ్బలు చూపించు. అటు మనవాళ్ళెవరూ రారు.

ఇంక భోజనాలు. గురువారం రాత్రి, శనివారం మధ్యాహ్నం. హోటల్లో తినిపించడానికి అమ్మ ఛస్తే ఒప్పుకోదు. ఇంటికి రావాలంటే అది పరాయి ఇల్లు కావాలి. ఆలోచించి ఆలోచించి చెప్పాను, "అమ్మా, రెండు పూటలు నువ్వు పూటకూళ్ళమ్మవి" అని. అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. తరవాత, "అయితే వాడు నాకు డబ్బులిచ్చి తింటాడా?" అంది. అవునన్నాను. "సరేలే, తింటాడు కదా" అంది.

నాకు మాత్రం కడుపు రగిలిపోయింది, సారథీ. దాచుకోను.

నీ అక్క,
రత్నమాల


పుప్పాలగూడ,
18-11-1968

అక్కయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. నీ తెలివికి దణ్ణం. రామచంద్రానికి కొండ, గోరీలు, పడవలు అన్నీ చెప్పాను. ఎవరో చెప్పారన్నాను. "అరె, మస్తు తెల్సుకున్నవు గదా" అని మురిసిపోయాడు. తెల్లచొక్కా కొత్తది కుట్టించుకున్నాడు, సముద్రం కోసమట.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. హాల్లో నాన్నగారి ఫొటో తీసి లోపల పెట్టండి. నా ముక్కు ఆయనదే. అమ్మ నన్ను మీరు అనే పిలవాలి. బాబూ అని కూడా వద్దు, ఆవిడ బాబూ అన్నదంటే ఆ గొంతు ఎవరికైనా తెలిసిపోతుంది. ఏమండీ అంటే చాలు. నేను కూర అడిగినా అతనికే ముందు వడ్డించమను. నాకు ఇష్టమని వంకాయ కారం పెట్టి కూర చెయ్యొద్దను.

ఇంకొకటి. అతను మాటకారి. భోజనం దగ్గర నా గురించి ఏదో ఒకటి అంటాడు. ఏమన్నా అమ్మని పట్టించుకోవద్దని చెప్పు. ఆ యాస ఎలాగూ ఆవిడకి అర్థం కాదు.

కోపం తెచ్చుకోకక్కా. ఈ ఒక్కసారికి.

సారథి


పేరు రాయకూడని ఊరు,
5-12-1968

చి. సారథికి దీవెనలు.

క్షేమంగా చేరినట్టు కార్డు అందింది. నీ నాటకం నెగ్గింది, సంతోషమేనా?

తద్దినం బాగా జరిగింది. పిండం పెట్టగానే కాకులు వచ్చాయి, నువ్వు చూడకుండానే పరిగెత్తావు. అమ్మ మటుకు గోడ పక్కన నిలబడి అవి మొత్తం తినేదాకా చూసింది.

మీ రామచంద్రం బంగారంలాంటి మనిషి. మాస్టారు మొహం చిట్లించుకుని బయల్దేరారు కదా, తిరిగొచ్చేసరికి "వాడు గోరీల మీద రాసిన ప్రతి పేరూ చదివించుకున్నాడమ్మా, చిన్నపిల్లల సమాధి దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు" అని ఒకటే పొగడ్త. ఆ పెద్దాయన అబద్ధాన్ని మోస్తూ అలా పొగుడుతుంటే నాకు సిగ్గేసింది.

శుక్రవారం సాయంత్రం నేను తోటల్లోంచి మిమ్మల్ని చూశాను. నీకు తెలీదు. అతను ప్యాంటు పైకి మడుచుకుని కెరటానికి ఎదురుగా నిలబడి వెల్లకిలా పడ్డాడు. పడి ఎలా నవ్వాడో! నువ్వేమో అలవాటు కొద్దీ పక్కకి తిరిగి భుజం కెరటానికి అడ్డం పెట్టావు, ఇక్కడి పిల్లలందరూ చేసేట్టుగా. వెంటనే గుర్తొచ్చింది కాబోలు, తరవాతి కెరటానికి కావాలనే బోర్లా పడ్డావు. అతను గాభరాగా వచ్చి నీ రెక్క పట్టుకుని లేవనెత్తాడు. నీకు ఈత నేర్పిన నాన్న చూడలేదు, అంతే చాలు.

ఇంక శనివారం భోజనం. అది తలుచుకుంటే అమ్మకి ఇప్పటికీ నవ్వొస్తోంది. అతను మొదటినుంచీ అమ్మని "అవ్వా, అవ్వా" అంటున్నాడు. "అంత ముసలిదాన్నయిపోయానటే?" అని మీరు వెళ్ళాక అమ్మ అద్దంలో చూసుకుంది. అది అలా ఉంచు. నువ్వు తలొంచుకుని మెతుకులు లెక్కపెడుతుంటే అతను నీ వంక చూసి, "అవ్వా, వీనికి అవ్వ లేదు. జర ఇంకో ముద్ద వెయ్యి, కడుపునిండ తింటడు" అన్నాడు గుర్తుందా? నీకు పొలమారింది. అమ్మ నీళ్ళు అందించింది. "మా అత్తగారు పోయి పాతికేళ్ళయింది, మా అమ్మ పోయి ఇరవై. వాడికి అవ్వ లేని మాట నిజమేలే. దానికి అంత జాలిగా చెప్పాలా?" అని అమ్మ అతను అన్నట్టే అని చూపించి నవ్వుతుంది. వీధిలో అందరికీ చెప్పాలని ఉబలాటం, చెప్పడానికి వీల్లేదు పాపం.

నేను మాత్రం నవ్వలేకపోయాను. అమ్మ రెండు పూటలూ నిన్ను మీరు అనే అంది. "ఇంకాస్త పులుసు పొయ్యమంటారా అండీ?" అంది. ఒక్కసారైనా నోరు జారుతుందని నేను ఎదురుచూశాను. జారలేదు. డబ్బులిస్తే కిందికి చూస్తూ తీసుకుంది. మీరు వీధి మలుపు తిరిగాక నీ విస్తరి తనే ఎత్తింది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

అవునూ, అవ్వ అంటే మీ వైపు ముసలమ్మ అనేనా, ఇంకేమైనా అర్థముందా? అమ్మ అడగమంది.

రత్నమాల


పుప్పాలగూడ,
25-1-1969

అక్కయ్యకు,

ఆలస్యానికి క్షమించు. ఇక్కడ పరిస్థితులు పేపర్లో చూస్తూనే ఉంటావు. కాలేజీలు మూతపడ్డాయి. ఊరేగింపులు, రాళ్ళు, లాఠీలు. మెహదీపట్నంలో బస్సు ఉంటుందో లేదో ఏ రోజుకా రోజు తెలియదు. నేను నోరు విప్పితే ఎక్కడ 'అండీ' అనేస్తానోనని బస్సులో మూగవాడిలా కూర్చుంటున్నాను.

నువ్వడిగిన మాట. అవ్వ అంటే ఇక్కడ పెద్దావిణ్ణి గౌరవంగా పిలవడమే. అంతకంటే ఏం లేదు. అమ్మ చిన్నబుచ్చుకోవద్దని చెప్పు.

అసలు సంగతి. ముల్కీలు కాని వాళ్ళందరినీ ఫిబ్రవరి ఆఖరులోగా పంపేసి, ఆ ఖాళీల్లో ఇక్కడివాళ్ళని తీసుకుంటారట. ఆర్డరు వచ్చింది. మా ఆఫీసులో ఒక్కొక్కరి కాగితం తీసి చూస్తున్నారు. అనుమానం ఉన్నవాళ్ళు తమని చిన్నప్పటినుంచీ ఎరిగిన స్థానికుడి చేత వాంగ్మూలం ఇప్పించుకోవాలి. నా పేరు అనుమానం ఉన్న జాబితాలోనే ఉంది.

నేను అడగలేదు అక్కా, ఒట్టు. రామచంద్రమే వచ్చి, "నువ్వేం ఫికర్ చెయ్యకు. నేన్ చెప్త. పక్క ఊరోన్ని, నాకు తెల్వదా?" అన్నాడు. నువ్వు నన్ను చిన్నప్పుడు చూడలేదు కదా అన్నాను. "సూడకపోతేంది? వీడు సముద్రం సూసుడే మొన్న మొదటిసారి. కాళ్ళు తడవంగనే బోర్ల పడ్డడు, నేనే రెక్క వట్టి లేపిన. గా ఒడ్డున పుట్టినోడు గట్ల పడతడా? గదే చెప్త, ఎవడు కాదంటడో సూస్త" అన్నాడు. అందరి ముందూ, అంత గట్టిగా. ఫిబ్రవరి 10న అతని వాంగ్మూలం.

బాలనర్సయ్య కూడా ఈ ఖాళీల కోసం దరఖాస్తు పెట్టాడు. నా బల్ల ఖాళీ అయితే అతనికే రావచ్చు. రాకపోవచ్చు కూడా. నేను తప్పుకున్నంత మాత్రాన ఇంకెవడో వస్తాడు, అతనే వస్తాడని ఏముంది? నువ్వే ఆలోచించు. నీ బడి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తెలియదు. ఇక్కడినుంచి నేను పంపకపోతే అమ్మ మందులెలా? నేనేం ఎవడి కొంపా కూల్చడం లేదు. ఒక ఊరి పేరు మార్చానంతే.

అమ్మకి ఇవేం చెప్పకు. ఉద్యోగం గట్టిపడిందని మాత్రం చెప్పు.

సారథి


భీమునిపట్నం,
1-2-1969

పార్థసారథికి,

ఊరి పేరు పూర్తిగానే రాశాను. ఇష్టమైతే తీసుకో, లేకపోతే తిప్పి పంపు.

నాతో చదివిన రాజరాజేశ్వరి గుర్తుందా? మొగుడి ఉద్యోగం మీద అయిదేళ్ళుగా హైదరాబాదులో ఉంటోంది. అక్కడి గొడవలకి భయపడి పిల్లలతో పుట్టింటికొచ్చింది. నిన్న మనింటికొచ్చింది. మాటల్లో అమ్మ, "అక్కడ పెద్దవాళ్ళని అవ్వా అంటారటగా, వినడానికి బాగుంటుంది" అంది. రాజేశ్వరి నవ్వి, "పెద్దవాళ్ళని కాదు పిన్నిగారూ, అక్కడి పల్లెల్లో అమ్మని అవ్వ అంటారు. మా పనిమనిషి పిల్లలు వాళ్ళమ్మని అవ్వా అనే పిలుస్తారు" అంది.

అమ్మ లేచింది. రాజేశ్వరికి కాఫీ ఇచ్చింది, పిల్లల చేతుల్లో అటుకులు పోసింది, గుమ్మం దాకా సాగనంపింది. వచ్చి కూర్చుని, "ఆ అబ్బాయి ఏమన్నాడో మళ్ళీ చెప్పవే" అంది. నాకు గుర్తులేదన్నాను. తనే అంది. "వీనికి అవ్వ లేదు."

నీకు అమ్మ లేదని చెప్పుకున్నావన్నమాట, సారథీ. ఆ మాట ఆవిడకే చెప్పి ఆవిడ చేతే ముద్ద పెట్టించాడు ఆ వెర్రిబాగులవాడు. నువ్వు అది వింటూ తిన్నావు. ఆవిడ అందిస్తే నీళ్ళు తాగావు. పైగా ఉత్తరంలో నాకు పెద్దావిణ్ణి గౌరవంగా పిలవడమని అర్థం చెప్పావు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. రెండు మూడు ప్రశ్నలు వేసింది, నిన్నడగమని. నేను కల్పించడం లేదు, అన్నవి అన్నట్టే రాస్తున్నాను. "నేను ఎప్పుడు పోయానట? ఏం జబ్బు చేసిందట? తిథి ఏమిటో కనుక్కో. నా తద్దినం పెడుతున్నాడా, అక్కడ అది కూడా లేదా?"

నిన్నటినుంచీ వంట చేస్తోంది, తింటోంది, నాతో మాట్లాడుతోంది. నీ పేరు మటుకు ఎత్తడం లేదు. నేను ఎత్తితే లేచి పెరట్లోకి పోతోంది.

రామచంద్రం సాక్ష్యం సంగతి నువ్వు చెప్పొద్దన్నా చెప్పేశాను. దానికి ఒక్క మాట అంది. "రెండు పూటలు మగపిల్లలిద్దరు నా ఎదురుగా కూర్చుని తిన్నారు. అమ్మా అని పిలిచింది ఆ పిల్లాడొక్కడేనన్నమాట. వాడి చేత ఇంకో అబద్ధం ఆడించొద్దని రాయి."

రాశాను.

రత్నమాల


పుప్పాలగూడ,
12-2-1969

అక్కయ్యకు,

ముందు అమ్మ ప్రశ్నలకి జవాబు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీ అమ్మానాన్నలేరీ అని అడిగారు. ఇద్దరూ పోయారు, మేనమామ పెంచాడు అన్నాను. అమ్మ ఉందంటే ఎక్కడుందని అడుగుతారు, చూపించమంటారు. అందుకని చంపేశాను. నా అయిదో ఏట విషజ్వరంతో పోయిందని చెప్పాను. తిథి ఎవరూ అడగలేదు. రామచంద్రం మాత్రం ఆ రోజు తన డబ్బాలోంచి సగం రొట్టె నాకు పెట్టాడు. అప్పటినుంచీ రోజూ పెడుతున్నాడు. వాళ్ళవ్వ నా కోసం రెండు రొట్టెలు ఎక్కువ చేసి పంపుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. భోజనం దగ్గర అతను ఆ మాట అన్నప్పుడు నేను అమ్మ చెయ్యి చూశాను. గరిటె ఆగలేదు. అర్థం కాలేదని తెలిసి నాకు ప్రాణం లేచి వచ్చింది. సంతోషించాను, అక్కా. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ ఆ సంతోషమే నన్ను పీక్కు తింటోంది.

పదో తారీకు పొద్దున దారిలో రామచంద్రం కోసం ఆగాను. కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చాడు, మన ఊరికి తొడుక్కొచ్చినదే. వాంగ్మూలం అంటే పెద్దవాళ్ళ ముందు నిలబడాలి కదా అని. సైకిలు దిగమన్నాను. అక్కడే బండ మీద కూర్చుని చెప్పాను. కాగితం దొంగది, నేను భీమిలిలో పుట్టాను, కెరటానికి కావాలనే పడ్డాను. అతను మొదట నవ్వాడు. "ఏందిరా పొద్దుగాల్నే పరాచికాలు?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు.

తమ్ముడి ఉద్యోగం గురించి తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గా పూటకూళ్ళ అవ్వ..." అన్నాడు.

"మా అమ్మే" అన్నాను.

అతని మొహం చూడలేకపోయాను. "నౌకరి సంగతి జర పక్కకు వెట్టు" అన్నాడు. "కాగితం సంగతి గూడ పక్కకు వెట్టు. బతికున్న తల్లి మొఖం మీద, నీ కొడుక్కు తల్లి లేదని నాతోని అనిపిచ్చినవు గదరా. నేనేం పాపం జేసిన నీకు?" అన్నాడు. చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆమెకు నా మాట సమజైందా?" అని అడిగాడు. అప్పుడు కాలేదు, ఇప్పుడయింది అన్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను వెనక వస్తున్నానో లేదో తిరిగి చూడలేదు.

ఆఫీసులో అతన్ని పిలిచినప్పుడు నాకేమీ తెలియదన్నాడట. నా గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. తరవాత నన్ను పిలిచారు. కాగితం నాది కాదని, నేను ఇక్కడి వాణ్ణి కానని నేనే రాసిచ్చాను. అందులో పుట్టిన ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు అని గళ్ళున్నాయి. తల్లి పేరు దగ్గర వీరలక్ష్మి అని రాసి, పక్కన 'జీవించి ఉన్నారు' అని రాశాను. పై అధికారి అది చదివి, ఇంతకు ముందు వేరేలా చెప్పావు కదా అన్నాడు. అవునండీ అన్నాను. ఇన్నాళ్ళకి అండీ అని నోరారా అన్నాను.

కేసు పెడతారో పెట్టరో ఇంకా తెలియదు. ఉద్యోగం మాత్రం ఇవాళ్టితో సరి. బాలనర్సయ్యకి వస్తుందో రాదో, ఆ సంగతి నాకు చెప్పేవాళ్ళు కూడా లేరు. రెండు రోజులుగా రామచంద్రం వేరే దారిన పోతున్నాడు. వాళ్ళ అవ్వ పంపిన రొట్టెలు మాత్రం ఇవాళ మధ్యాహ్నం నా బల్ల మీద ఉన్నాయి. ఆవిడకి ఇంకా తెలిసినట్టు లేదు. తినలేకపోయాను. డబ్బా అలాగే అతని బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆదివారం వస్తున్నాను. బస్టాండులోనే దిగుతాను. సూరన్న కొట్టు ముందునుంచీ, పెద్ద వీధిలోంచీ నడిచి వస్తాను. నువ్వు ఎదురు రావద్దు. అమ్మని బతిమాలవద్దు, అన్నం వండి ఉంచమని చెప్పవద్దు. గుమ్మంలో నిలబడి అమ్మా అని పిలుస్తాను. పలుకుతుందో లేదో అమ్మ ఇష్టం. పలికేదాకా మాత్రం బయటే ఉంటాను.

పార్థసారథి